నాన్న ఫైలు దొరికింది: డీ-డైమర్ 0.82 నుంచి 840కి ఎలా పెరుగుతుంది?

గోదారిగట్టు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు.

మా నాన్న 2021 మేలో కొవిడ్‌తో పోయారు. 67 ఏళ్లు, షుగర్ ఉండేది. వచ్చే వారం ఆబ్దికం. అటక మీద నుంచి పెద్ద గిన్నెలు దింపుతుంటే ఆసుపత్రి ఫైలు కింద పడింది. ఇన్నేళ్లూ దాని జోలికి పోలేదు. ఇప్పుడు కాగితాలన్నీ తేదీల వారీగా మంచం మీద పరుచుకుని కూర్చున్నా.

జ్వరం వచ్చిన 6వ రోజు, మా వీధి చివర ల్యాబ్‌లో: తెల్లకణాలు 5,400, అందులో న్యూట్రోఫిల్స్ 84 శాతం, లింఫోసైట్లు 11 శాతం, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి మంట, ఎంతుందో చూపే అంకె) 9.8, డీ-డైమర్ (రక్తం గడ్డకట్టడం గురించి చెప్పే అంకె) 0.82. ఆ రోజు వేలికి పెట్టే మిషన్‌లో సాచురేషన్ 96.

8వ రోజు రాత్రి సాచురేషన్ 89కి పడింది. అప్పుడే ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ: సీఆర్‌పీ 142, డీ-డైమర్ 840, ఫెరిటిన్ 1,180, ఎల్‌డీహెచ్ 610 (ఇవీ జబ్బు తీవ్రత చూసే రక్త పరీక్షలే), యూరియా 52.

10వ రోజు టోసిలిజుమాబ్ అనే, ఆ మంట తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చారు. 14వ రోజుకి సీఆర్‌పీ 11కి దిగింది. డీ-డైమర్ 4,200, ప్రోకాల్సిటోనిన్ 6.4. ఆ రాత్రే వెంటిలేటర్. 19వ రోజు పోయారు.

నా తమ్ముడు ఆసుపత్రి గేటు దగ్గర అందరి ముందూ అన్నాడు: "ఇంటి దగ్గర డీ-డైమర్ 0.82. ఇక్కడికొచ్చేసరికి 840. వెయ్యి రెట్లు పెరిగేదాకా ఇంట్లో కూర్చోబెట్టావన్నయ్యా." నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి మా మధ్య మాటలు అవసరం మేరకే. నిజంగా రెండు రోజుల్లో అంత పెరుగుతుందా? తెలిసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఓదార్పు వద్దు.

నీలిమూత · శనివారం రాత్రి 9:31

అన్నా, గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ని. ముందు ఒక్క పని చేయండి. 0.82 పక్కన చిన్న అక్షరాల్లో ఏముంది? 840 పక్కన ఏముంది? అది చదివి చెప్పండి.

గోదారిగట్టు · శనివారం రాత్రి 9:38

మొదటి దాని పక్కన మైక్రోగ్రామ్స్ పర్ ఎంఎల్, ఎఫ్‌ఈయూ. రెండో దాని పక్కన నానోగ్రామ్స్ పర్ ఎంఎల్, ఎఫ్‌ఈయూ.

నీలిమూత · శనివారం రాత్రి 9:44

అనుకున్నాను. మైక్రోగ్రాముకి వెయ్యి నానోగ్రాములు. 0.82 అంటే 820. అంటే 820 నుంచి 840 అయింది. పెరగనే లేదన్నా. అంత తేడా ఒకే ట్యూబుని రెండుసార్లు మిషన్‌లో పెట్టినా వస్తుంది. ఒకరు కిలోల్లో, ఇంకొకరు గ్రాముల్లో రాసినట్టే ఇది.

రెండూ ఎఫ్‌ఈయూ అనే ఒకే లెక్కలో ఉండటం మీ అదృష్టం. కొన్ని ల్యాబ్‌లు డీడీయూ అనే లెక్కలో ఇస్తాయి. అదే రక్తానికి అందులో అంకె దాదాపు సగమే కనిపిస్తుంది. ఎఫ్‌ఈయూలో మామూలు హద్దు 500 నానోగ్రాములు. అంటే నాన్నగారిది రెండు రోజులూ హద్దు దాటే ఉంది కానీ భయంకరంగా ఏం లేదు. రక్తం ఎక్కడో గడ్డకట్టి, అది కరుగుతున్నప్పుడు మిగిలే ముక్కే డీ-డైమర్. కొవిడ్‌లో ఊపిరితిత్తుల సన్నటి నాళాల్లో ఆ పని జరుగుతూ ఉంటుంది కాబట్టి పెరుగుతుంది.

ఇంకో సంగతి. డీ-డైమర్‌కి రక్తం నీలి మూత ట్యూబులో తీస్తాం (నా పేరు అక్కడిదే). లోపల సిట్రేట్ ఉంటుంది. ఒక పాలు దానికి తొమ్మిది పాళ్ల రక్తం, సరిగ్గా గీత దాకా పడాలి. ఆ మే నెలలో పీపీఈ కిట్టు, రెండు జతల గ్లౌజులు, చెమటకి మసకబారిన కళ్లజోడు. నరం దొరికేదే కష్టం, గీత దాకా నింపడం ఇంకో కష్టం. సగం నిండిన ట్యూబులు ఎన్ని వెనక్కి పంపానో. పంపినందుకు వార్డు నుంచి ఎన్ని తిట్లు తిన్నానో. ఎల్‌డీహెచ్ కూడా అంతే, అది కణాల లోపల ఉండేది. సన్న సూదితో గట్టిగా లాగితే ఎర్రకణాలు చితికి, రోగంతో పని లేకుండానే అంకె పైకి పోతుంది.

పనిలో పనిగా ఆ సీఆర్‌పీ 9.8 పక్కన ఏముందో కూడా చూడండి.

గోదారిగట్టు · శనివారం రాత్రి 9:52

మిల్లీగ్రామ్స్ పర్ డీఎల్. నార్మల్ 0.6 లోపు అని ఉంది.

నీలిమూత · శనివారం రాత్రి 10:03

అన్నా, మీరే ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు. ఆసుపత్రి కాగితం మీద లీటరు లెక్క ఉండి ఉంటుంది. డీఎల్ అంటే లీటరులో పదో వంతు, కాబట్టి లీటరు లెక్కలో మీ 9.8 అంటే 98.

గోదారిగట్టు · శనివారం రాత్రి 10:20

9.8 చూసి పది లోపే కదా అనుకున్నాను. పది దాటితే ప్రమాదం అని వాట్సాప్‌లో తిరిగింది అప్పట్లో. పక్కన 0.6 అని ఉన్నా కంటికి ఆనలేదు.

అంటే తమ్ముడు చెప్పిన లెక్క తప్పు, వాడు అన్న మాట ఒప్పు.

ఖమ్మం మిర్చి · శనివారం రాత్రి 10:41

అన్నా, ఎందుకు కుమిలిపోతారు? ఈ టెస్టులన్నీ బిల్లు పెంచే వ్యాపారం. మా బావమరిదికి ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు రోజూ ఫెరిటిన్, రోజూ ఐఎల్-6, రోజూ డీ-డైమర్. బిల్లులో మందులకంటే రక్త పరీక్షల పేజీలే ఎక్కువ. ఆ తర్వాత 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం రేట్లు కట్టింది: డీ-డైమర్ 300, సీఆర్‌పీ 500, ఫెరిటిన్ 400, ఎల్‌డీహెచ్ 140, ఐఎల్-6కి 1,300. అప్పటికి సెకండ్ వేవ్ దిగిపోయింది. పెళ్లి అయ్యాక బాజాలు.

ఊళ్లో ఎవరు కలిసినా "స్కోరెంత?" స్కాన్‌లో ఊపిరితిత్తులు ఎంత పాడయ్యాయో చూసి ఇరవై అయిదుకి వేసే సీటీ స్కోరు. ఇంటర్ మార్కులు అడిగినట్టు అడిగేవాళ్లు.

పీహెచ్‌సీ మామ · ఆదివారం ఉదయం 6:15

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను ఫిజీషియన్ని. అప్పట్లో మండల ఆసుపత్రి నుంచి జిల్లా కొవిడ్ వార్డుకి డెప్యుటేషన్ మీద వేశారు, ఏడు నెలలు అక్కడే.

మిర్చి గారూ, సగం ఒప్పుకుంటాను. ఫెరిటిన్ రోజూ చేస్తే ఏమీ తెలియదు. మన దేశంలో అప్పుడున్న మార్గదర్శకాల్లో కూడా మధ్యస్థంగా, తీవ్రంగా ఉన్నవాళ్లకి సీఆర్‌పీ, డీ-డైమర్ 48 నుంచి 72 గంటలకి ఒకసారి అనే ఉంది. ఐఎల్-6 పరిస్థితి దిగజారితేనే, అదీ దొరికితే. రోజూ చేయమని ఎవరూ చెప్పలేదు. ఇక ఇంట్లో ఉండి, సాచురేషన్ బాగున్నవాళ్ల సంగతి. 2021 మే 3న ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ప్రెస్‌మీట్‌లో సీటీలు, ఈ రక్త పరీక్షలు వద్దని మొత్తుకున్నారు. అంకె చూసి బెదిరి ముందే స్టెరాయిడ్ మింగడం మొదలుపెడితే మేలు కన్నా కీడు ఎక్కువ అని. మన దగ్గర షుగర్ ఉన్నవాళ్లు అలా మింగి, తర్వాత బ్లాక్ ఫంగస్‌తో వచ్చారు. ముక్కు దగ్గర నల్లటి పొక్కు చూసిన మొదటి కేసు నాకు ఇంకా గుర్తుంది.

కానీ మొత్తం వ్యాపారమే అంటే ఒప్పుకోను. సీఆర్‌పీ చవకైనది, పాతది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టారు. ఒంట్లో మంట రేగితే ఐఎల్-6 అనే ప్రొటీన్ కబురు పంపుతుంది, కాలేయం సీఆర్‌పీని తయారు చేస్తుంది. పుట్టించడం ఆగితే దాదాపు 19 గంటలకి సగమవుతుంది. అందుకే ఒక్క అంకెతో పనిలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏ వైపు నడిచిందనేదే నేను చూసేవాణ్ణి.

గోదారిగట్టు గారూ, మీ ప్రశ్నకి వస్తాను. 6వ రోజున ఆ కాగితం నా చేతికి వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణి? సీఆర్‌పీ 98, లింఫోసైట్లు 5,400లో 11 శాతం అంటే 594. వెయ్యికి తక్కువ. ఈయన్ని జాగ్రత్తగా చూడాలి అనుకునేవాణ్ణి. నాలుగు గంటలకోసారి సాచురేషన్ రాయమనేవాణ్ణి. ఆరు నిమిషాలు గదిలో నడిపించి మళ్లీ వేలికి పెట్టమనేవాణ్ణి, కూర్చుంటే 96 ఉన్నవాళ్లు నడిస్తే 91కి పడేవాళ్లు. అది మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది. అంతవరకు లోపం ఉంది, కానీ ఆ లోపం మీ ఒక్కరిది కాదు.

అయితే స్టెరాయిడ్ మాత్రం ఇచ్చేవాణ్ణి కాదు. బ్రిటన్‌లో రికవరీ అనే ట్రయల్ 2020 జూన్‌లోనే తేల్చింది. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాములతో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో లాభం కనపడలేదు. మందు ఇవ్వనివాళ్లలో 14 శాతం పోతే ఇచ్చినవాళ్లలో 17.8. అంటే సాచురేషన్ 96 ఉన్న 6వ రోజున ఆసుపత్రిలో చేరినా, ప్రాణం నిలబెడుతుందని తేలిన మందు ఆ రోజు మొదలయ్యేది కాదు. 89కి పడ్డ రాత్రే మీరు చేర్చారు. మందు మొదలవ్వాల్సిన రోజూ అదే.

ఒకటి అడుగుతాను. చేర్చిన రాత్రి నర్సులు రాసిన చార్టు ఫైల్లో ఉంటుంది. అందులో ఆర్ఆర్ అని ఉంటుంది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీశారో. ఎంత?

న్యూజెర్సీ అక్క · ఆదివారం ఉదయం 6:50

డాక్టరు గారు అడిగింది సరైన ప్రశ్న. నేను నర్సుని, 2020 ఏప్రిల్‌లో ఇక్కడ మా వార్డు మొత్తం కొవిడే. రక్తం రిపోర్టు రావడానికి రెండు గంటలు పట్టేది, మనిషి ఛాతీ చూస్తే రెండు నిమిషాల్లో తెలిసేది. ఫోన్లో ఇంట్లోవాళ్లతో నవ్వుతూ మాట్లాడేవాళ్లు, లెక్కపెడితే ఊపిరి ముప్ఫై రెండు.

తమ్ముడూ, ఇంకో చిక్కు కూడా చెప్తాను. కిడ్నీ పరీక్షలో అక్కడ యూరియా అని రాస్తారు, ఇక్కడ అందులోని నైట్రోజన్ ఒక్కటే లెక్కగట్టి బీయూఎన్ అని. బీయూఎన్‌ని 2.14తో గుణిస్తే యూరియా. మా అమ్మ రిపోర్టు అన్నయ్య వాట్సాప్‌లో పెడితే కిడ్నీ పోయిందనుకుని నేను ఒక రాత్రంతా ఏడ్చాను. నర్సునై ఉండి!

పావలా · ఆదివారం ఉదయం 9:05

మధ్యలో దూరుతున్నా. మా అమ్మకి 71. ఏ ఇబ్బందీ లేదు. హెల్త్ ప్యాకేజీలో డీ-డైమర్ 640 వచ్చింది. కొవిడ్ ఇంకా ఒంట్లో ఉందా?

పీహెచ్‌సీ మామ · ఆదివారం ఉదయం 9:20

లేదు. వయసుతో పాటు డీ-డైమర్ మామూలుగానే పెరుగుతుంది. యాభై దాటినవాళ్లకి వయసుని పదితో గుణించి హద్దు కట్టే పద్ధతి ఉంది, అలా చూస్తే అమ్మగారికి 710. కాలు ఒక్కటే వాచడం, ఉన్నట్టుండి ఆయాసం లాంటివి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఏమీ లేనప్పుడు ప్యాకేజీల్లో ఈ పరీక్ష చేయించకండి.

గోదారిగట్టు · ఆదివారం ఉదయం 10:14

దొరికింది. పచ్చ కాగితం, మడతల్లో అంకెలు కొంచెం చెరిగాయి. ఆర్ఆర్ 28. "స్పృహలో ఉన్నారు, మాట్లాడుతున్నారు" అని రాసి ఉంది. నిజమే, ఆ రాత్రి మోటారు పంపు ఆపారా లేదా అని నన్ను రెండుసార్లు అడిగారు.

పీహెచ్‌సీ మామ · ఆదివారం మధ్యాహ్నం 1:40

ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఓదార్పు వద్దన్నారు కాబట్టి చెప్తున్నాను.

బ్రిటన్‌లో మొదటి వేవ్‌లో ఆసుపత్రుల్లో చేరిన 57 వేల మందికి పైగా రోగుల వివరాలతో 4సీ అనే స్కోరు కట్టారు. 0 నుంచి 21 దాకా. నాన్నగారివి వేస్తే: వయసు అరవైల్లో కాబట్టి 4, మగవారు కాబట్టి 1, షుగర్‌కి 1, ఊపిరి 28కి 1, సాచురేషన్ 92 లోపు కాబట్టి 2, స్పృహలో ఉన్నారు కాబట్టి సున్నా. యూరియా 52 అంటే వాళ్ల లెక్కలో దాదాపు 8.7, దానికి 1. సీఆర్‌పీ వంద దాటింది కాబట్టి 2. మొత్తం 12. వాళ్ల లెక్కల్లో 9 నుంచి 14 మధ్య ఉన్నవాళ్లలో నూటికి 31 మంది పోయారు.

ఇది ఒక మనిషి జాతకం కాదు, గుంపు లెక్క. నేను దీన్ని వేసింది వేరే కారణానికి. ఆ 12లో రక్తం ఇచ్చినవి ఎన్ని? మూడే. యూరియా ఒకటి, సీఆర్‌పీ రెండు. తొమ్మిది పాయింట్లు సూది గుచ్చక ముందే ఉన్నాయి. మీరూ మీ తమ్ముడూ ఇన్నేళ్లు పోట్లాడుకున్న డీ-డైమర్ ఆ స్కోరులో లేనే లేదు. ఫెరిటిన్ లేదు. ఎల్‌డీహెచ్ లేదు.

ఖమ్మం మిర్చి · ఆదివారం మధ్యాహ్నం 2:02

మరి డీ-డైమర్‌కి అంత భయం ఎక్కడి నుంచి వచ్చింది సార్? మా ఊళ్లో మెడికల్ షాపువాడు కూడా దాన్ని చూసి రక్తం పలచబడే బిళ్లలు ఇచ్చేవాడు.

పీహెచ్‌సీ మామ · ఆదివారం మధ్యాహ్నం 2:30

వుహాన్ నుంచి. 2020 మార్చిలో లాన్సెట్‌లో 191 మంది రోగుల అధ్యయనం వచ్చింది, అందులో 54 మంది పోయారు. చేరిన రోజు డీ-డైమర్ వెయ్యి నానోగ్రాములు దాటినవాళ్లకి ముప్పు చాలా ఎక్కువని తేలింది. అది తప్పు కాదు. అంకె ముప్పుని చూపించింది. అయితే అంకెకి మందు వేస్తే ముప్పు తగ్గుతుందా? బ్రెజిల్‌లో డీ-డైమర్ పెరిగినవాళ్లనే ఎంచుకుని, దాదాపు అందరికీ రక్తం పలచబడే రివరోక్సబాన్ బిళ్ల పూర్తి మోతాదులో ఇచ్చి చూశారు. లాభం రాలేదు, రక్తస్రావాలు పెరిగాయి. వార్డులో ఉన్నవాళ్లకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ కథ వేరు, అది కొందరికి పనికొచ్చింది. మెడికల్ షాపు బిళ్లలు మాత్రం కాదు.

గోదారిగట్టు · ఆదివారం సాయంత్రం 5:48

ఆఖరి ప్రశ్న. సీఆర్‌పీ 142 నుంచి 11కి దిగాక వెంటిలేటర్ ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ఆ ఇంజెక్షన్ తమ్ముడు హైదరాబాద్‌లో రెండు రోజులు తిరిగి సంపాదించాడు. నలభై వేల పైచిలుకు. ఐస్ బాక్సులో పెట్టుకుని, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ప్రిస్క్రిప్షన్ చూపించి, తెల్లారేసరికి తెచ్చాడు. 14వ రోజు పొద్దున 11 అని చెప్పగానే నన్ను పట్టుకుని ఏడ్చాడు. "ఇంజెక్షన్ పనిచేసింది, తర్వాత ఏదో వాళ్లే చెడగొట్టారు" అని ఇప్పటికీ అమ్మతో అంటూ ఉంటాడట.

న్యూజెర్సీ అక్క · ఆదివారం సాయంత్రం 6:20

అయ్యో తమ్ముడూ. డాక్టరు గారు వివరంగా చెప్తారు కానీ, ఇది మేమూ మొదట్లో పొరబడిన విషయమే. టోసి ఇచ్చాక సీఆర్‌పీ దిగిపోతుంది. మనిషి బాగుపడుతున్నా దిగుతుంది, పడకపోయినా దిగుతుంది.

పీహెచ్‌సీ మామ · ఆదివారం రాత్రి 8:05

అక్క చెప్పిందే. ఐఎల్-6 కబురు పంపితే కాలేయం సీఆర్‌పీ తయారు చేస్తుందన్నాను కదా. టోసిలిజుమాబ్ ఆ కబురు చేరే తలుపు మూసేస్తుంది. కబురు అందక కాలేయం తయారీ ఆపేస్తుంది. ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో ఆ తర్వాత సీఆర్‌పీ చెప్పలేదు. కొత్తగా బాక్టీరియా చేరినా అది గమ్మునే ఉండొచ్చు. ఇంట్లోవాళ్లకి ఈ మాట ముందే చెప్పాలి. ఒక్కో డాక్టరు మీద అరవై మంది రోగులున్న రోజుల్లో మేమూ చాలామందికి చెప్పలేదు.

ఆ రోజు కాగితంలో నిజం చెప్పిన అంకె ప్రోకాల్సిటోనిన్ 6.4. కొవిడ్ ఒక్కటే ఉంటే అది సాధారణంగా తక్కువగానే ఉంటుంది. అంత పెరిగిందంటే రెండో ఇన్‌ఫెక్షన్ ఏదో పట్టిందని అనుమానించాలి. డీ-డైమర్ 4,200కి చేరడం కూడా అప్పుడే. స్టెరాయిడ్, టోసి రెండూ ఒంటి కాపలాని తగ్గిస్తాయి, పైగా షుగర్ ఉన్న ఒళ్లు. అయినా ఇంజెక్షన్ తప్పు అనకండి. సాచురేషన్ తక్కువై సీఆర్‌పీ 75 దాటినవాళ్లకే రికవరీలో అది ఇచ్చి చూశారు. మరణాలు 35 శాతం నుంచి 31కి తగ్గాయి. నాన్నగారికి అది ఇవ్వదగ్గ మందే. తమ్ముడు తెచ్చింది వృథా కాదు. పనిచేసిందని సీఆర్‌పీని చూసి చెప్పలేం, అంతే.

నీలిమూత · ఆదివారం రాత్రి 8:40

సార్, ఇది నాకూ తెలియదు. అలాంటి 11లు, 8లు ఎన్ని ప్రింట్ తీసి "తగ్గిందండీ" అని కిటికీలోంచి చెప్పానో.

గోదారిగట్టు · సోమవారం రాత్రి 10:25

నిన్న రాత్రి రెండు డీ-డైమర్ కాగితాలు పక్కపక్కన పెట్టి, యూనిట్ల దగ్గర పెన్నుతో సున్నా చుట్టి తమ్ముడికి ఫొటో పంపాను. కింద సీఆర్‌పీ కాగితం కూడా పెట్టాను. 9.8 అంటే 98 అని, అది నేను చూసుకోలేదని రాశాను. దాచితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం ఫోన్ చేశాడు. డీ-డైమర్ గురించి ఏమీ అనలేదు. 98 గురించీ అనలేదు. "ఆ 11 సంగతేంటి?" అన్నాడు. మీరు చెప్పింది చెప్పాను, తలుపు మూసేయడం గురించి. చాలాసేపు మాట్లాడలేదు, లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత "ఆ ఐస్ బాక్సు ఇంకా మా ఇంట్లోనే ఉంది" అన్నాడు.

బుధవారం రాత్రికి వస్తున్నాడు. అరటాకులు తనే తెస్తానన్నాడు. ఫైలు ఇంకా అటక ఎక్కించలేదు, నర్సు చార్టు వాడు చూడాలన్నాడు.